మోటారు స్విచ్ నేరుగా ఏజెంటుకి ఇవ్వొద్దు

అన్నా, కావలిలో మీ ఇంట్లో ఏఐ ఏజెంటు అర్ధరాత్రి బోరు మోటారు వేసేసి ట్యాంకు పొర్లిందని, రేపు గేటు తాళం కూడా తీస్తుందేమోనని టెన్షన్‌గా ఉందని రాశారు. 'అడగకుండా మోటారు వేయొద్దు' అని ప్రాంప్టులో, అంటే ఏజెంటుకి ఇచ్చే సూచనల్లో, ఎంత గట్టిగా రాసినా దాన్ని నమ్ముకోవద్దు.

ఇంట్లో స్మార్ట్ పరికరాల్ని నడిపే మీ హోమ్ అసిస్టెంట్‌ సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లో వాయిస్ అసిస్టెంట్స్‌కి వెళ్లి ఎక్స్‌పోజ్ ట్యాబ్ (ఏజెంటుకి కనిపించే, అది నడపగలిగే వాటి జాబితా) తెరవండి. స్విచ్‌లు మామూలుగా వాటంతటవే ఆ జాబితాలో చేరతాయి, మీ మోటారూ అలాగే చేరి ఉంటుంది. మోటారు, గేటు రెండూ తీసేయండి, కొత్తవి వాటంతటవే చేరే ఆప్షన్ కూడా ఆపేయండి.

ఏజెంటుతోనే మోటారు వేయించాలంటే ఒక స్క్రిప్ట్ (వరసగా చేయాల్సిన పనుల జాబితా) రాసి, దాన్ని మాత్రమే ఎక్స్‌పోజ్ చేయండి. ముందు మీ ఫోన్‌కి నోటిఫికేషన్ రావాలి, మీరు 'సరే' నొక్కితేనే మోటారు తిరగాలి. 20 నిమిషాలకి ఆగిపోయే టైమర్ మాత్రం స్క్రిప్ట్‌లో కాదు, రిలేలోనే (మోటారుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్ పరికరంలోనే) పెట్టండి, ఎందుకంటే మధ్యలో హోమ్ అసిస్టెంట్ రీస్టార్ట్ అయిందంటే స్క్రిప్ట్ అక్కడితో ఆగిపోతుంది, మోటారు మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

అన్నిటికన్నా నాకు భయం టోకెన్ గురించి. మీ అడ్మిన్ ఖాతా లాంగ్ లివ్డ్ టోకెన్ (పాస్‌వర్డ్ బదులు పనిచేసే తాళంచెవి లాంటి కోడ్) ఏజెంటుకి ఇచ్చి ఉంటే పైన చెప్పిందంతా వృథా. అది 10 ఏళ్లు చెల్లుతుంది, దాంతో నేరుగా ఏపీఐకి (ప్రోగ్రాములు హోమ్ అసిస్టెంట్‌కి ఆదేశాలిచ్చే దారికి) వెళ్తే ఎక్స్‌పోజ్ జాబితా అడ్డు రాదు. ప్రొఫైల్‌లో సెక్యూరిటీ ట్యాబ్‌కి వెళ్లి ఈ రాత్రికే దాన్ని డిలీట్ చేయండి, తర్వాత అడ్మిన్ కాని వేరే ఖాతాతో, ఎంసీపీ సర్వర్ ఇంటిగ్రేషన్ (ఏఐ ఏజెంట్లని హోమ్ అసిస్టెంట్‌కి కలిపే భాగం) ద్వారా ఏజెంటుని కలపండి.

హోమ్ అసిస్టెంట్‌లో జరిగినవన్నీ నమోదయ్యే లాగ్‌బుక్‌లో ఆ రాత్రి మోటారు ఎవరి పేరుతో ఆన్ అయిందో చూసి ఇక్కడ పెట్టండి.