ఫొటోల్లో మంచు మీది అడుగుజాడలు గుంటల్లా కాక బొడిపెల్లా ఎందుకు కనిపిస్తాయి? మంచు నీడల్లో కనిపించే ఆ నీలి దిగులు ఎడిటింగేనా?

ఎడిటింగ్ లేకుండానే ఈ రెండూ జరుగుతాయి.

వెలుగు పైనుంచే పడుతుందని మన మెదడు ముందే అనేసుకుంటుంది. ఫొటో తీసేవారి వెనక సూర్యుడు కిందికి దిగి ఉంటే, ఫ్రేములో వెలుగు కింది అంచు వైపు నుంచి వస్తుంది. అప్పుడు గుంటకు ఆవలి గోడ మెరుస్తుంది, ఇవతలి గోడ నీడలో ఉంటుంది. పైన వెలుగు, కింద నీడ: ఇది అచ్చం బొడిపె మీద పడే వెలుగే! ఫొటోను 180 డిగ్రీలు తిప్పి చూడండి, గుంటలు తిరిగొస్తాయి. తిప్పకుండా తేల్చుకోవాలంటే ఏదైనా చెట్టు నీడ ఎటు పడిందో వెతకండి. నీడ దిక్కు తెలియగానే చాలాసార్లు భ్రమ విడిపోతుంది.

నీడలకు నీలం ఆకాశానిది. ఎండ తగలని మంచు మీద పడేది ఆకాశపు వెలుగే కదా. మబ్బు పట్టిన రోజు ఆ నీలం తగ్గిపోతుంది.

దిగులులో కొంత భాగం మాత్రం కెమెరాదే. వెలుగును కొలిచే దాని మీటర్ ప్రతి దృశ్యాన్నీ మధ్యస్థ బూడిదరంగుగా లెక్కగడుతుంది, అందుకే తెల్లని మంచు మురికిగా వస్తుంది. ఎక్స్‌పోజర్‌ను 1 నుంచి 2 స్టాప్‌లు పెంచితే సరి (ఒక్కో స్టాప్‌కూ వెలుగు రెట్టింపవుతుంది), ఫొటోలోని వెలుగునీడల గ్రాఫ్ అయిన హిస్టోగ్రామ్ కుడి అంచుకు గుద్దుకోకుండా చూసుకోవాలి. వైట్ బ్యాలెన్స్‌ను (తెలుపు తెల్లగా కనిపించేలా రంగులు సరిదిద్దే సెట్టింగ్) ఎండ పడిన మంచు మీద సరిచేయండి. నీడ మీద సరిచేస్తే ఎండ భాగం పసుపెక్కుతుంది, చలి అనే భావమే పోతుంది. నీడల్లో ఆ నీలాన్ని ఉంచేయడమే నాకు సరైనదనిపిస్తుంది.