ఐఐఎస్ మీద పీహెచ్‌పీ నడుపుతున్న అల్లుడికి

అల్లుడూ,

సైటు నత్తలా నడుస్తోందని, ర్యామ్ పెంచుదామని మీ మేనేజరు అంటున్నాడని చెప్పావు కదా. కాస్త ఆగమను. ముందు ఐఐఎస్‌లో, అంటే మీ విండోస్ వెబ్ సర్వర్‌లో, హ్యాండ్లర్ మ్యాపింగ్స్ (ఏ రకం ఫైలుని ఎవరు నడపాలో చెప్పే జాబితా) తెరిచి, సైటు రాసిన భాష పీహెచ్‌పీ ఎదురుగా ఏముందో చూడు. ఫాస్ట్‌సీజీఐ మాడ్యూల్ బదులు ఉత్త సీజీఐ మాడ్యూల్ ఉంటే రోగం అక్కడే దొరికినట్టు.

సీజీఐ అంటే సర్వర్ పీహెచ్‌పీని పిలిచే పాత పద్ధతి. ఉత్త సీజీఐలో ప్రతి రిక్వెస్టుకీ ఓ కొత్త ప్రాసెస్ పుట్టి, పని కాగానే చస్తుంది. లినక్స్‌లో అయితే కొంతవరకు చెల్లుతుంది గానీ విండోస్‌లో ప్రాసెస్ పుట్టించడం ఖరీదైన పని, ఒక్కో దోసెకీ పొయ్యి ఆర్పి, మళ్ళీ వెలిగించి, పెనం కాలేదాకా కూర్చున్నట్టు ఉంటుంది. మేం కొత్తలో దీనికి విరుగుడుగా ఐఎస్ఏపీఐ వాడేవాళ్ళం. అది ఐఐఎస్ కడుపులోనే నడిచేది కాబట్టి వేగానికి లోటు లేదు, కానీ పీహెచ్‌పీకి తగిలించిన ఏ ఎక్స్‌టెన్షనో థ్రెడ్ల (ఒకే ప్రాసెస్‌లో పక్కపక్కనే నడిచే పనుల) దగ్గర తేడా చేస్తే వర్కర్ ప్రాసెస్ మొత్తం కూలేది. పీహెచ్‌పీ 5.3తో దాన్ని తీసేశారు, పీడా పోయింది.

ఫాస్ట్‌సీజీఐలో పొయ్యి ఆరదు, అదే ప్రాసెస్ ఒకదాని తర్వాత ఒకటిగా వందల రిక్వెస్టులు చూస్తుంది. ఒకసారికి ఒకటే చూస్తుంది కాబట్టి థ్రెడ్ల గొడవ లేదు, అందుకే పీహెచ్‌పీలో నాన్ థ్రెడ్ సేఫ్ బిల్డే దించుకో. 'సేఫ్' అన్న మాటకి పడిపోయి రెండోది, అంటే థ్రెడ్ సేఫ్ బిల్డ్, దించినవాళ్ళని చాలామందిని చూశాను.

ఇక నేను తిన్న దెబ్బ ఒకటి చెప్తా. ఒక ప్రాసెస్ ఎన్ని రిక్వెస్టుల తర్వాత దిగిపోవాలో ఐఐఎస్‌కి ఒక లెక్క ఉంటుంది, మామూలుగా 200. పీహెచ్‌పీకి తన సొంత లెక్క ఇంకొకటి, 500. పాత కంపెనీలో నేను ఐఐఎస్ వైపు 10000 చేసి, పీహెచ్‌పీ వైపు ఆ లెక్క మార్చే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టడం మర్చిపోయాను. 500 రిక్వెస్టులు దాటగానే పీహెచ్‌పీ తన దారిన తను దిగిపోతోంది, ఐఐఎస్ మాత్రం ఇంకా ఉందనుకుని రిక్వెస్టు పంపుతోంది, యూజర్‌కేమో 'ఎర్రర్ 500' (సర్వర్‌లో లోపం అనే కోడ్)! మూడు రోజులు కోడ్‌లో వెతికానురా, నవ్వకు. పీహెచ్‌పీ అంకె ఐఐఎస్ అంకెకి సమానంగానో ఎక్కువగానో ఉండాలి, తక్కువ కాకూడదు.

మ్యాక్స్ ఇన్‌స్టెన్సెస్, అంటే ఒకేసారి ఎన్ని పీహెచ్‌పీ ప్రాసెస్‌లు నడవొచ్చన్న లెక్క, అది కూడా చూడు. అది 4 అయితే, నాలుగు బరువైన రిపోర్టులు నడుస్తున్నంతసేపు ఐదోవాడు బయట నిలబడాల్సిందే. అలాగని ఇష్టమొచ్చినంత పెంచేస్తే మెమరీ మింగేస్తుంది, ఒక్కో ప్రాసెస్ ఎంత తింటోందో టాస్క్ మేనేజర్‌లో చూసుకుని లెక్క వేసుకో.

ఓపీక్యాష్ ఆన్ చెయ్యి, పీహెచ్‌పీ కోడ్‌ని ప్రతిసారీ మళ్ళీ కంపైల్ చేయకుండా మెమరీలో దాచిపెడుతుంది. పాత వ్యాసాల్లో అదే పనికి విన్‌క్యాష్ అని రాసి ఉంటే దాని జోలికి పోకు. ఫైళ్ళ టైమ్‌స్టాంప్ చెక్ ఆపేస్తే ఇంకాస్త వేగం వస్తుంది, కాకపోతే కొత్త కోడ్ పెట్టిన ప్రతిసారీ యాప్ పూల్ (సైటుని నడిపే ఐఐఎస్ వర్కర్ ప్రాసెస్‌ల గుంపు) రీసైకిల్ చేయాలి, లేకపోతే పాత పేజీలే వస్తూ టెన్షన్ పెడతాయి.

ఇంకోటి, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ అదే మెషిన్‌లో ఉంటే కనెక్షన్‌లో లోకల్‌హోస్ట్ తీసి 127.0.0.1 పెట్టి చూడు. విండోస్‌లో ఆ పేరుకి ముందు ఐపీవీ6 అడ్రస్ దొరికి, అక్కడ మైఎస్‌క్యూఎల్ వినకపోతే ప్రతి కనెక్షన్‌కీ సెకను దాకా పోతుంది. నిమిషం పని, మార్పులు దీంతోనే మొదలుపెట్టు.

మిగతావి ముట్టుకునే ముందు ఐఐఎస్ కాన్ఫిగ్ బ్యాకప్ తియ్యి, ఒక్కోటీ మార్చి కొలుచుకో, అన్నీ ఒకేసారి కాదు. ఆదివారం ఖాళీగానే ఉంటాను, ఎక్కడైనా ఆగిపోతే స్క్రీన్ షేర్ చెయ్యి.

మీ మావయ్య