గిల్డ్‌కి కట్టేది వేరు, గిల్డ్ చారిటీకి ఇచ్చేది వేరు

ప్రశ్న: మేం లండన్ దగ్గర క్రాయిడన్‌లో ఉంటాం. నేను క్వాంటిటీ సర్వేయర్‌ని. జీతం, బోనస్ కలిపి ఈ ఏడాది 1,04,000 పౌండ్లు వస్తుంది. నా భార్యది పార్ట్‌టైమ్ ఉద్యోగం, పాపకు మూడేళ్లు. భవన నిర్మాణ వృత్తికి చెందిన ఒక లండన్ గిల్డ్‌లో (వృత్తి సంఘంలో) చేరమని ఆఫీసులో సీనియర్ ఒకరు అడుగుతున్నారు. స్కూళ్లలో ఇటుక పని, వడ్రంగం నేర్పించడానికి ఆ గిల్డ్ చారిటీ డబ్బిస్తుందట. ఏడాదికి 3,000 పౌండ్ల దాకా ఇవ్వాలని ఉంది. ఎలా ఇస్తే మంచిది? నెల్లూరు జిల్లాలో నేను చదివిన హైస్కూలుకే పంపడం మేలా?

జవాబు: ఇచ్చి తీరాల్సిన కారణమే ఇది. ఈ గిల్డ్‌లకు చదువుతో పాత సంబంధం ఉంది. 1878లో సిటీ ఆఫ్ లండన్‌తో కలిసి 16 లివరీ కంపెనీలు (ఈ గిల్డ్‌లకే ఆ పేరు) సిటీ అండ్ గిల్డ్స్ అనే వృత్తి విద్యా సంస్థను స్థాపించాయి. 1477లో చార్టర్ పొందిన కార్పెంటర్స్ కంపెనీ 1893లో భవన నిర్మాణ పనుల కాలేజీ మొదలుపెట్టింది.

డబ్బు విషయంలో మాత్రం గిల్డ్ వేరు, దాని చారిటీ వేరు అని గుర్తుంచుకోండి. చేరేటప్పుడు కట్టే 'ఫైన్', ఏటా కట్టే 'క్వార్టరేజ్' గిల్డ్‌కి వెళ్తాయి. అవి సభ్యత్వ రుసుములు, వాటికి గిఫ్ట్ ఎయిడ్ (మీ విరాళం మీద మీరు కట్టిన పన్నును చారిటీ ప్రభుత్వం నుంచి తెచ్చుకునే పథకం) రాదు. చారిటబుల్ ట్రస్ట్‌కి సాధారణంగా వేరే రిజిస్ట్రేషన్ నంబరు, వేరే బ్యాంకు ఖాతా ఉంటాయి. రెండింటికీ కలిపి ఒకే డైరెక్ట్ డెబిట్ పెడితే, ఏది ఎంతో రాతపూర్వకంగా అడగండి. మొత్తాన్నీ విరాళంగా చూపి టాక్స్ తగ్గింపు అడిగితే తర్వాత బ్రిటన్ పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీకి తిరిగి కట్టాల్సి వస్తుంది. ఆ నంబరుతో చారిటీ కమిషన్ రిజిస్టర్‌లో వెతికితే ట్రస్ట్ ఐదేళ్ల ఆదాయ వ్యయాలు కనిపిస్తాయి. స్కూళ్లకు ఎంత వెళ్లిందో వార్షిక నివేదికలో చూడండి.

ఇక అసలు లెక్క. ఆదాయం 1,00,000 దాటాక ప్రతి 2 పౌండ్లకు 1 పౌండు చొప్పున 12,570 పౌండ్ల పర్సనల్ అలవెన్స్ (పన్ను పడని ఆదాయం) తగ్గిపోతుంది. అందుకే ఆ పైన వచ్చే 4,000 మీద మీకు పడే ఆదాయపు పన్ను 60 శాతం. మీరు గిఫ్ట్ ఎయిడ్ డిక్లరేషన్‌తో 3,200 ఇస్తే చారిటీ ఇంకో 800 తెచ్చుకుంటుంది, దానికి చేరేది 4,000. మీ 'అడ్జస్టెడ్ నెట్ ఇన్‌కమ్' (ఇలాంటి విరాళాలు తీసేశాక లెక్కించే ఆదాయం) సరిగ్గా 1,00,000కి దిగుతుంది. 4,000 మీద 60 శాతం అంటే 2,400. అందులో 800 చారిటీకి పోగా, హెచ్‌ఎంఆర్‌సీ నుంచి మీకు 1,600 తిరిగి వస్తుంది. మీ చేతి నుంచి పోయేది 1,600, పిల్లల శిక్షణకు చేరేది 4,000.

మీ ఇంట్లో దీనికంటే పెద్ద విషయం పాపది. తల్లిదండ్రుల్లో ఏ ఒక్కరి అడ్జస్టెడ్ ఆదాయం 1,00,000 పైన ఒక్క పౌండు ఉన్నా వారానికి 30 గంటల ఉచిత చైల్డ్‌కేర్‌లో 15 గంటలు, ఏడాదికి 2,000 పౌండ్ల దాకా వచ్చే టాక్స్‌ఫ్రీ చైల్డ్‌కేర్ రెండూ పోతాయి. ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా దెబ్బతింటారు. ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ (ప్రవాసులు ఇండియా బ్యాంకుల్లో వేసేది) వడ్డీకి ఇండియాలో పన్ను లేదు కాబట్టి లెక్కలోకి రాదనుకుంటారు. బ్రిటన్‌లో నివసించేవారికి సాధారణంగా అదీ ఆదాయమే. ఊళ్లో ఇంటి అద్దె కూడా అంతే. వడ్డీ 600 పౌండ్లు వస్తే ఇంకో 480 విరాళం ఇవ్వాలి. ఐసా (బ్రిటన్‌లో పన్ను లేని పొదుపు ఖాతా) వడ్డీ లెక్కలోకి రాదు.

అలాగని అంతా విరాళంతోనే తగ్గించుకోమని నేను చెప్పను. ఆరు నెలల ఖర్చు చేతిలో లేకపోతే ముందు అది పోగేయండి. అదే 4,000 శాలరీ శాక్రిఫైస్‌తో (జీతంలోంచి ముందే తగ్గించుకుని) పెన్షన్‌లో వేస్తే 60 శాతానికి తోడు 2 శాతం నేషనల్ ఇన్సూరెన్స్ (జీతం నుంచి కోసే సామాజిక భద్రత చందా) కూడా మిగులుతుంది, డబ్బూ మీదే. పెన్షన్‌తో ముందే 1,00,000కి దిగిపోయారంటే, తర్వాత 3,200 విరాళం మీద మీకు తిరిగొచ్చేది 800 మాత్రమే. రెండూ చేయండి, కానీ రెండింటికీ 60 శాతం వస్తుందని ఇంటి బడ్జెట్ వేసుకోకండి.

నెలకు 200 పౌండ్ల డైరెక్ట్ డెబిట్ పెట్టండి. బోనస్, వడ్డీ తేలాక మార్చిలో మిగతాది ఇవ్వండి. పన్ను ఏడాది ముగిసే ఏప్రిల్ 5 దాటనివ్వకండి. డిక్లరేషన్ మీ పేరు మీదే ఉండాలి. జాయింట్ ఖాతా అని మీ భార్య పేరున ఇస్తే, ఆవిడ కట్టిన పన్ను ఆ 800 కంటే తక్కువైతే తేడా ఆవిడ కట్టాలి. రసీదులు దాచుకుని సెల్ఫ్ అసెస్‌మెంట్‌లో (మీరు వేసే పన్ను రిటర్నులో) చూపండి. మరిచిపోతే నాలుగేళ్ల వెనక్కి వెళ్లి అడగొచ్చు. గిల్డ్ విందు టికెట్లు విడిగా పూర్తి ధరకే కొనండి. విరాళానికి బదులుగా వచ్చే మర్యాదలు పరిమితి దాటితే గిఫ్ట్ ఎయిడ్ పోతుంది.

నెలనెలా ఇమ్మనడానికి వర్క్‌షాప్ వైపు నుంచి కూడా కారణం ఉంది. ఒకేసారి వచ్చిన డబ్బుతో స్కూళ్లు రంపాలు, తాపీలు, యంత్రాలు కొంటాయి. రెండో ఏడాది కలప కొనడానికీ, నేర్పే మనిషికీ డబ్బుండదు. రంపపు పొట్టును లాగే యంత్రాన్ని 14 నెలలకోసారైనా నిపుణులు పరీక్షించాలని చట్టం. అది జరగకపోతే గదికి తాళమే. ఇటుక పనిలో కొంత నయం. శిక్షణలో సిమెంటు లేకుండా సున్నం, ఇసుక కలిపి కడతారు కాబట్టి గోడ విప్పేసి అవే ఇటుకలు మళ్లీ వాడతారు. అందుకే విరాళంతో పంపే ఉత్తరంలో 'స్కూళ్లలో నిర్మాణ శిక్షణకు' అని మాత్రమే రాయండి. 'పనిముట్లకే' అని కట్టడి చేస్తే, అవసరమైన చోట వాడలేక ఆ డబ్బు ఖాతాలోనే పడి ఉంటుంది.

నెల్లూరు స్కూలు సంగతి. మన దేశపు ట్రస్టుకు నేరుగా పంపితే గిఫ్ట్ ఎయిడ్ లేదు, మీ అడ్జస్టెడ్ ఆదాయమూ తగ్గదు. 80జీ రసీదు (విరాళాలపై పన్ను మినహాయింపుకు ట్రస్టు ఇచ్చేది) ఇండియాలో కట్టే పన్నుకే పనికొస్తుంది. మీది ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే అయితే, సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. బ్రిటిష్ పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డున్నా సరే, ఆ ట్రస్టుకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉండాలి. డబ్బు ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోని దాని ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతాకే పంపాలి. పాప స్కూల్లో చేరేదాకా 1,00,000 గీత కాపాడే మొత్తం గిల్డ్ చారిటీకి ఇవ్వండి. ఊరికి ఇవ్వాలనుకున్నది ఆ పైన వేరుగా పెట్టుకోండి.