తెరిస్తే కుప్పకూలే మెయిల్

చిరంజీవి మేనల్లుడికి, అనంతపురం నుంచి మామయ్య ఆశీస్సులు.

మీ ఆదోని పత్తి ఆఫీసులో మెయిల్ ప్రోగ్రాం తెరవగానే మూసుకుపోతోందని, నువ్వు దాన్ని రెండుసార్లు తీసేసి మళ్లీ వేశావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మూడోసారి ఆ పని చేయకు. అన్నంలో రాయి తగిలిందని కుండ పగలగొట్టుకుంటామా? తప్పుగా తయారైన ఏదో ఒక ఉత్తరమే దాన్ని కూలుస్తూ ఉండవచ్చు. ప్రోగ్రాం మార్చినా ఆ ఉత్తరం సర్వరులో అలాగే ఉంటుంది.

ముందు నెట్ తీగ పీకి తెరిచి చూడు. నిలబడితే, దిగుతున్న ఉత్తరంలో తేడా ఉన్నట్టు. అప్పుడూ పడిపోతే అది ఇప్పటికే మీ కంప్యూటరులో దిగి కూర్చుంది. అదనపు హంగులు లేకుండా తెరిచే సేఫ్ మోడ్‌లో తెరిచి, ఉత్తరాన్ని పక్కనే చూపించే ప్రివ్యూ ఆపు. ఏదైనా సరే, మెయిల్ ఫోల్డరు మొత్తాన్ని పెన్‌డ్రైవులోకి కాపీ చేశాకే చేయి పెట్టు. తర్వాత బ్రౌజరులో ఖాతా తెరిచి, చివరగా సరిగా దిగిన ఉత్తరం తర్వాతి దాన్ని వేరే ఫోల్డరులోకి జరుపు. చెరపవద్దు. బేళ్ల బిల్లు అందులోనే ఉంటే యజమానికి నువ్వేం చెబుతావు?

ఇక దాని అసలు పాఠం చూడు. జీమెయిల్‌లో అయితే ‘షో ఒరిజినల్’ అని ఉంటుంది. పంపినవారి పేరు, శీర్షిక లాంటి వివరాలుండే పై వరుసలు, అంటే హెడర్లు, ముగిశాక ఖాళీ వరుస ఉందా, ఏ వరుసైనా 998 అక్షరాలు దాటిందా, జోడింపులను విడదీసే గీత చివరిదాకా ఒకేలా ఉందా, ఇవి చకచకా చూసేయి. నా అనుమానం మాత్రం తెలుగు శీర్షిక మీదే. అది ఇంగ్లీషు అక్షరాల ముద్దగా మారి ప్రయాణిస్తుంది. ఒక్కో ముద్ద 75 అక్షరాలు మించకూడదని 1996 నాటి నియమం. కాబట్టి పొడవైన శీర్షికను ముక్కలు చేయక తప్పదు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు. ‘క్షి’ రాయాలంటే క, పొల్లు, ష, గుడి అని 4 గుర్తులు, అంటే 12 బైట్లు. పంపినవారి చేతకాని బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ గుర్తు మధ్యలో కోసేస్తుంది, ఆ సగం గుర్తు దగ్గరే మీ ప్రోగ్రాం కూలుతూ ఉండవచ్చు. నేను నూనె మిల్లులో పనిచేసినప్పుడు ‘వేరుశనగ’ అన్న మాట ఇలాగే తెగి, గుమాస్తా రెండు రోజులు నన్ను తిట్టుకున్నాడు.

పంపినవారికి ఆ ఉత్తరాన్ని ఫార్వర్డ్ చేయకు. ఫార్వర్డ్ చేస్తే ప్రోగ్రాం దాన్ని సరిదిద్ది పంపవచ్చు, తప్పు కనబడకుండా పోతుంది. ఫైలుగా దాచి జిప్ చేసి పంపు. ముందు ఫోను చేసి చెప్పు, లేకపోతే వాళ్లు తెరవరు.

దసరాకు వచ్చేటప్పుడు నాకూ ఒక కాపీ పట్టుకురా. ఎక్కడ తెగిందో చూడాలని ఉంది.

మీ మామయ్య