పాము గుడ్లు దొరికిన మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

పెరట్లో కంపోస్టు కుప్పను తవ్విస్తుండగా ఒకదానికొకటి అతుక్కుని ఉన్న తొమ్మిది గుడ్లు బయటపడ్డాయనీ, ఆ స్థలాన్ని ఈ వారంలోనే చదును చేయబోతున్నారనీ రాశావు. ముందుగా మీ అమ్మ భయం తీర్చు. అమెరికాలోని మన ఒహాయో రాష్ట్రంలో ఉన్న విషసర్పాలు కాపర్‌హెడ్, టింబర్ రాటిల్‌స్నేక్, మాససాగా మాత్రమే. ఆ మూడూ గుడ్లు పెట్టవు, పిల్లలనే కంటాయి. కాబట్టి నీ దగ్గరున్న గుడ్లు ఏ పామువైనా విషపుపామువి మాత్రం కావు. అంగుళానికి కొంచెం పైన పొడవు, తోలువంటి పెంకు, జూన్ నెలాఖరు అన్నావు కనుక అవి మిల్క్ స్నేక్ గుడ్లని నా ఊహ. నల్ల రాట్ స్నేక్‌వైతే ఇంతకంటే పెద్దవిగా ఉంటాయి.

కుప్ప చెదరకుండా ఉన్నట్లయితే, గుడ్లను దొరికిన చోటే పెట్టి కప్పేయమని ఒక్క వాక్యంతో ఉత్తరం ముగించేవాణ్ణి. తల్లి గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. కుళ్ళుతున్న ఆకుల వేడి, తడి మిగతా పని చేస్తాయి. నీకు ఆ అవకాశం లేదు. అయినా ముందుగా రాష్ట్ర వన్యప్రాణి విభాగానికి ఫోన్ చేసి, గుడ్లు ఉంచుకోవచ్చునా, పిల్లలను ఎక్కడ వదలాలి అని అడుగు. ఒక్కో రాష్ట్రంలో ఒక్కో నిబంధన ఉంటుంది, వాళ్ళ మాటే మన మాట.

సరేనంటే, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో వర్మిక్యులైట్, అంటే మొక్కల కుండీల్లో వాడే, తడిని పట్టి ఉంచే తేలికైన ఖనిజపు పలుకులు, పోసి, దాని బరువుకు సమానమైన బరువు నీళ్ళు కలుపు. పిడికిట పిండితే ఒకటి రెండు చుక్కలకు మించి రాలకూడదు. గుడ్లను సగం లోతు వరకు అందులో కుదురుగా పెట్టు. అతుక్కున్న వాటిని విడదీయవద్దు. పైభాగాన పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టుకుని, ఇకమీదట అదే వైపు పైకి ఉండేలా చూడు. కోడిగుడ్లను పెట్ట దొర్లిస్తుంది కదా అని వీటిని దొర్లిస్తే లోపలి పిండం చనిపోవచ్చు. ఇరవై ఏళ్ళ క్రితం నేను ఇలాంటి గుడ్లనే మట్టి అంటిందని కూరగాయలు కడిగినట్టు కడిగి, తుడిచి, అటూ ఇటూ తిప్పి చూసుకుని మురిసిపోయాను. ఎనిమిదింటిలో రెండే పిల్లలయ్యాయి.

వేడి 80 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర, అంటే సుమారు 27 సెల్సియస్ దగ్గర నిలకడగా ఉంటే చాలు. కొద్దిగా తగ్గితే పిల్లలు ఆలస్యంగా వస్తాయి. 90 దాటితే మాత్రం ప్రమాదం. అందువల్ల డబ్బాను కిటికీ ఎండలో పెట్టవద్దు. వారానికొకసారి మూత తీసి గాలి మారనిచ్చి వెంటనే మూసెయ్యి. గుడ్డు మధ్యకాలంలో సొట్టపడితే తడి తగ్గిందని అర్థం. గుడ్ల మీద పడకుండా పక్కన కాసిన్ని నీళ్ళు చల్లు. ఒకదానికి బూజు పట్టినా కంగారుపడి పీకెయ్యకు, పక్కవాటి పెంకులు చిరుగుతాయి.

ఆరు నుంచి తొమ్మిది వారాల్లో, బహుశా ఆగస్టులో, పెంకు మీద సన్నని చీలికలు కనబడతాయి. పిల్ల ముక్కు కొసన ఉండే చిన్న పన్నుతో కోసి, తల మాత్రం బయటపెట్టి ఒకటి రెండు రోజులు అలాగే కూర్చుంటుంది. మిగిలిన పచ్చసొన ఒంట్లోకి ఇంకే సమయం అది. సాయం చేద్దామని చెయ్యి పెట్టవద్దు.

బయటికి వచ్చిన పిల్లలు జానెడు పొడవున, బూడిదరంగు మీద ఎర్రటి మచ్చలతో, తలవెనుక ఇంగ్లీషు వై అక్షరం వంటి గుర్తుతో ఉంటాయి. ఒక్కో పిల్లకు ఒక్కో డబ్బా కేటాయించు. ఇది నేను మరీ గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే ఈ జాతి పాములు ఇతర పాములను, తోబుట్టువులను కూడా మింగుతాయి. నాకు దక్కిన ఆ రెండింటినీ ఒకే డబ్బాలో పడుకోబెట్టి, తెల్లవారేసరికి లావెక్కిన ఒక్కదాన్ని చూశాను. అడుగున తడి పేపర్ టవల్, దాక్కోవడానికి చిన్న మాటు, లోతులేని నీళ్ళ గిన్నె చాలు. పెన్సిలు దూరే సందు ఉంటే అవీ దూరిపోతాయి.

మీ అమ్మ పాలు పోయమంటుంది, పోయనివ్వకు. జెర్రిపోతు ఆవు పొదుగు కుడుస్తుందని మన పల్లెల్లో నమ్మినట్టే, ఇక్కడి రైతులు కొట్టాల్లో కనిపించే ఈ పాము పాలు తాగుతుందని నమ్మి ఆ పేరు పెట్టారు. అది వచ్చేది ఎలుకల కోసం. పిల్లలకు వారం పదిరోజుల్లో మొదటి కుబుసం విడిచేదాకా తిండే అక్కరలేదు.

ఆ తరువాతే అసలు చిక్కు. దుకాణాల్లో దొరికే పింకీలు, అంటే అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలు, ఈ సన్నపిల్లల నోటికి పెద్దవి. అడవిలో ఇవి ఎక్కువగా చిన్న బల్లులను, చిన్న పాములను పట్టి తింటాయి. చాలా పిల్లలు వారాల తరబడి పింకీని ముట్టవు. అందుకే, పెంచుదామన్న నీ ముచ్చటకు నేను ఒప్పుకోను. అధికారులు అనుమతిస్తే, కుబుసం విడిచిన వారంలోపే, మంచు పడే కాలానికి చాలా ముందే, ఆ కుప్ప ఉన్న చోటికి దగ్గరలోని రాతిగోడ పక్కనో కుళ్ళిన దుంగ కిందో సాయంత్రం వేళ విడివిడిగా వదిలిపెట్టు. అప్పటిదాకా నీ కొడుకు పెంచే కార్న్ స్నేక్ గదిలోకి ఈ డబ్బాలు వెళ్ళకూడదు. ఒకదాని రోగం మరొకదానికి అంటితే, దాన్ని అడవికి మోసుకెళ్ళేది మనమే అవుతాం. వదిలేటప్పుడు కబురు చెయ్యి, నేనూ వస్తాను.

ఆశీస్సులతో,
మామయ్య