లోకల్ న్యూస్ ఛానల్లో యాంకర్ అవ్వాలంటే మంచి గొంతు, అందం ఉంటే సరిపోతుందా?

సరిపోవు. జిల్లా కేబుల్ ఛానల్లో మొదలుపెట్టి, ఆ తర్వాత హైదరాబాద్‌లో ఓ శాటిలైట్ ఛానల్లో చాలాకాలం వార్తలు చదివాను. నన్నడిగితే ఈ ఉద్యోగానికి ముందు కావాల్సింది చెవి. పీసీఆర్ (ప్రసారాన్ని నడిపించే కంట్రోల్ రూమ్) నుంచి ప్రొడ్యూసర్ టాక్‌బ్యాక్‌లో (మా చెవిలోని ఇయర్‌పీస్‌లో) "బైట్ రాలేదు, తర్వాతి వార్తకి వెళ్లిపోండి" అంటుంటారు. బైట్ అంటే ఎవరైనా మాట్లాడిన వీడియో ముక్క. నోరు మాత్రం మంత్రిగారి పర్యటన తడబడకుండా చెబుతూ ఉండాలి.

ఒక వానాకాలం రాత్రి బులెటిన్ మధ్యలో ప్రాంప్టర్ (కెమెరా ముందు స్క్రిప్టు చూపించే తెర) ఆగిపోయింది. వాగు పొంగి కల్వర్టు కొట్టుకుపోయిందన్న వార్త అది. అప్పుడే వచ్చింది కాబట్టి చేతిలోని పేపర్లలో లేదు. ఫోనోలో (ఫోన్ లైవ్‌లో) ఉన్న స్ట్రింగర్ (ఊళ్ల నుంచి వార్తలు పంపే పార్ట్‌టైమ్ విలేకరి) "మేడమ్, ఇక్కడ..." అంటుండగానే లైన్ కట్. చెవిలో "లాగించండి, విజువల్స్ ఇంకా రాలేదు". ఆ రూట్లో బస్సుల్లో తిరిగినదాన్నే కదా, వాగు అవతల ఏయే ఊళ్లున్నాయో, రాకపోకలు ఆగితే ఎటు చుట్టు తిరగాలో చెబుతూ పోయాను. ఇంతలో ఇంకో గొంతు: "పక్క ఛానల్లో ముగ్గురు పోయారని వేసేశారు, మీరూ చెప్పేయండి!" నేను "ప్రాణనష్టాన్ని అధికారులు ధ్రువీకరించాల్సి ఉంది" అనే అన్నాను. బ్రేక్‌లో తిట్లు తప్పలేదు. తెల్లారాక చూస్తే ఆ ముగ్గురూ అవతలి ఊరి స్కూల్లో తలదాచుకుని ఉన్నారు. పక్క ఛానల్ వాళ్లు గుట్టుగా స్క్రోల్ తీసేశారు, సవరణ కూడా వేయలేదు. మాకు ప్రేక్షకుల నుంచి వచ్చిన ఫోన్లేమో నా చీర రంగు గురించి!

హైదరాబాద్ దూరదర్శన్‌లో 1983 నవంబరు 14న తొలి తెలుగు వార్తలు చదివిన శాంతిస్వరూప్ గారు, ప్రాంప్టర్ లేని ఆ రోజుల్లో స్క్రిప్టు కంఠతా పట్టి చదివేవారు. ఇప్పుడు ప్రాంప్టర్ తీసేస్తే సగం మందికి నోరు పెగలదు. 'ళ' పలకదు గానీ అరుపులకేం తక్కువ లేదు.

ఇక కెరీర్ అంటారా, మగ యాంకర్‌కి జుట్టు నెరిస్తే డిబేట్ ఇస్తారు. ఆడవాళ్లకి నెరిస్తే ముందు మధ్యాహ్నం బులెటిన్, ఆ తర్వాత వాయిస్ ఓవర్ (మొహం కనపడకుండా గొంతు మాత్రమే). నేను డెస్క్‌కి (వార్తలు రాసి, దిద్దే విభాగానికి) మారి నిలదొక్కుకున్నానంటే స్క్రిప్టు రాయడం వచ్చు కాబట్టే. మీరూ అది ముందే నేర్చుకోండి. ఆడిషన్‌కి వెళ్లే ముందు పేపరు పైకి చదువుతూ, పక్కన ఎవరినైనా చెవిలో ఆపకుండా మాట్లాడమనండి. ఒక పేజీ తడబడకుండా పూర్తయితే అప్పుడు ఫొటోలు తీయించుకోవచ్చు.