గొంతు దిగిపోయే చోట

అమ్మాయీ,

పదిహేనేళ్ల ఆడపిల్లలకు స్పోకెన్ వర్డ్, అంటే జనం ముందు పైకి చదివి వినిపించే కవిత్వం, నేర్పబోతున్నానని, ముందుగా ఏం చెప్పాలో తోచడం లేదని రాశావు. కొన్నాళ్లు ఏమీ చెప్పకు, విను. ఎర్ర సిరా పెన్ను ఇంట్లోనే వదిలి వెళ్లు.

మొదట్లో వాళ్లు రాసుకొచ్చే వాటినిండా రెక్కలు, సంకెళ్లు, ఆకాశం, స్వేచ్ఛ ఉంటాయి. విసుక్కోకు. ఆ మాటలు వాళ్లకు అంటగట్టింది మన పెద్దవాళ్లమే. ఎవరైనా "నా గొంతు నొక్కేశారు" అని రాస్తే, బాగుందనీ బాగాలేదనీ అనకుండా "ఎవరు? ఎప్పుడు? ఏ మాటతో?" అని అడుగు. కాసేపు నసిగి, తను నవ్వినప్పుడల్లా పక్క గదిలోంచి "మెల్లగా" అని వినబడుతుందని చెబుతుందనుకో. కవిత ఆ "మెల్లగా" దగ్గర మొదలైంది. రాయమను. నువ్వు మాత్రం రాసివ్వకు. అంతకన్నా మంచి పాదం నీకు తట్టినా నోరు కట్టుకో. నువ్విస్తే తీసుకుంటుంది, చప్పట్లూ పడతాయి, ఆ తర్వాత ప్రతి పాదానికీ నీ మొహం వంక చూస్తుంది.

చదివించేటప్పుడు ఒకటి గమనించు. తెలుగులో క్రియ సాధారణంగా వాక్యం చివర వస్తుంది. బెరుకున్న పిల్ల గొంతు సరిగ్గా అక్కడే దిగిపోతుంది. "నేను ఒప్పు..." వరకే వినబడుతుంది, ఒప్పుకుందో ఒప్పుకోలేదో వెనక వరుసకు తెలియదు. ఆమె చెప్పదలచుకున్నదంతా ఆ మింగేసిన అక్షరాల్లోనే ఉంది. "గట్టిగా చదువు" అంటే మొదటి మాట అరిచి, చివరిది మళ్లీ మింగుతుంది. ఊపిరి ఎక్కడ తీసుకుంటోందో అక్కడ పెన్సిలుతో గీత పెట్టించు. క్రియ దాకా ఊపిరి మిగిలేలా పాదం విరవమను. చేతిలో కాగితం వణికితే కింద అట్ట పెట్టుకోమను. వణకడం తప్పు కాదు గానీ, కాగితం చప్పుడు మైకులో వినబడితే పిల్ల ఇంకా కంగారు పడుతుంది.

పోటీల గురించి అడిగావు. 1986లో షికాగోలోని గ్రీన్ మిల్ అనే క్లబ్బులో మార్క్ స్మిత్ అనే కవి, స్లామ్ అనే కవితా పఠన పోటీలు నడపడం మొదలుపెట్టాడు. మామూలుగా ఒక్కొక్కరికి 3 నిమిషాలు. ప్రేక్షకుల్లోంచే 5 మంది పదికి ఇన్నని మార్కులు వేస్తారు. అన్నిటికన్నా ఎక్కువది, తక్కువది తీసేసి మిగతావి కలుపుతారు. కవిత్వాన్ని జనం మధ్యకు తెచ్చిన పద్ధతే, కాదనను. కానీ పిల్లలు ఒక లెక్క ఇట్టే పసిగడతారు: ఎంత గాయం చూపిస్తే అన్ని మార్కులు. గాయం లేని పిల్ల అరువు తెచ్చుకుంటుంది. ఉన్న పిల్ల అది మానకముందే పదిమందిలో కట్టు విప్పుతుంది. నేనైతే మొదటి ఏడాది పోటీలకు పంపను. లెక్కల మాస్టారి చెప్పుల చప్పుడు మీద రాసి అందరినీ నవ్వించే పిల్లను కూడా అంతే శ్రద్ధగా విను. ఆడపిల్ల నోరు విప్పితే ఏడుపే వినబడాలని ఎవరన్నారు?

మొదటి రోజే ఒక మాట తేల్చి చెప్పు. ఇక్కడ చదివింది బయటికి పోకూడదు, ఎవరూ ఫోనులో రికార్డు చేయకూడదు. అయితే ఎవరికైనా వేధింపో ప్రాణభయమో ఉందని తెలిస్తే నువ్వు దాచవు. ఆ పిల్లకు చెప్పాకే సాయం చేయగలిగిన వాళ్ల దగ్గరికి వెళతావు. ఇది ముందే తెలిస్తే ఏం చదవాలో వాళ్లే నిర్ణయించుకుంటారు. కవిత విని కళ్లు తుడుచుకుని ఇంటికి వెళ్లిపోయే మనిషిని మెంటార్ అనరు.

లాస్ ఏంజెలెస్‌లో 2001లో మొదలైన రైట్‌గర్ల్ అనే సంస్థ టీనేజీ అమ్మాయిలను రచయిత్రులతో జత చేస్తుంది. అమాండా గోర్మన్ అక్కడ చేరిన పిల్లే. చిన్నప్పుడు ఇంగ్లిష్‌లో 'ర' శబ్దం పలకడానికి అవస్థపడిన ఆ అమ్మాయి, 2021 జనవరి 20న అమెరికా అధ్యక్షుడి ప్రమాణ స్వీకార వేదిక మీద కవిత చదివింది. అప్పటికి 22 ఏళ్లు. నీ పిల్లలకు ఈ సంగతి చెప్పేటప్పుడు వేదిక గురించి తక్కువగా, ఆ 'ర' గురించి ఎక్కువగా చెప్పు. నీ దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది కవులు కారు, రాయడం మానేస్తారు కూడా. దానికి నొచ్చుకోకు. రేపు ఏ ఇంటర్వ్యూలోనో క్రియ దాకా గొంతు నిలబెట్టుకుంటే చాలదూ?

నువ్వు పంపిన కవితలు మూడూ చదివాను. రెండోదాంట్లో నాలుగో పాదం పైకి చదివి చూడు, ఊపిరి అందదు. అందులోని "అస్తిత్వం" తీసేసి, ఆ పూట అసలేం జరిగిందో రాసి పంపు.